చాసీ మీది తారు

వంగలేదు. అసలు సంగతి అదీ. మిగతాదంతా ఎటు తిప్పి చెప్పినా చెప్పుకోవచ్చు, కానీ వాడు వంగలేదు. చేతిలో పెన్ను ఉంది. పుచ్చకాయ బేరమాడేవాడిలా ఆ పెన్నుతో బానెట్ మీద తట్టి "చాసీ పగిలింది" అన్నాడు. మోకాలు మడవలేదు. నేలవైపు కూడా చూడలేదు. బళ్లని కిందినుంచి చూసే తనిఖీ గొయ్యి పక్కనే నోరు తెరుచుకుని ఉంటే, బండిని దాని మీదికి తెమ్మని కూడా అనలేదు. చాసీ, అంటే బండిని మోసే ఇనప చట్రం, ఉండేది కింద. కిందికి చూడనివాడికి అది ఎలా కనబడింది?

ఈ ప్రశ్నను రాగిబ్ సోమవారం మధ్యాహ్నం నుంచి నములుతున్నాడు. మంగళవారం పొద్దున, గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా తాళంచెవి సగం తిప్పి పట్టుకుని కూర్చున్నప్పుడూ అదే నములుతున్నాడు. చలికాలం ముంగిట డీజిల్ ఇంజను తొందరపడదు, తొందరపెట్టనివ్వదు. పసుపు దీపం ఆరేలోపు అతను మనసులో, తనిఖీ కేంద్రంలో బళ్లకి కాగితమిచ్చే మిర్జెట్‌ని వంగోబెట్టాడు, మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు, వెల్లకిలా పడుకోబెట్టి బండి కిందికి ఈడ్చాడు, నల్లటి ఆయిల్ చుక్క ఒకటి వాడి నుదుటి మీద పడేలా చేశాడు. దీపం ఆరింది. తాళం తిప్పాడు. ముసలాడు దగ్గి, ఒళ్లంతా వణికి, అందుకున్నాడు.

జీపుకి ముసలాడని పేరు పెట్టింది అక్క షెఫికా. ఇంట్లో నాకంటే ఎక్కువ దగ్గేది వాడొక్కడే అని. ఇంజను, గేరుబాక్సు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే చిన్న గేరుబాక్సు అన్నీ రాగిబ్ తన చేత్తో విప్పి బిగించినవే. ఇంకొకడి పానా దాని మీద పడలేదు. ఏటా మంచు రాకముందు చాసీకి తారు పూస్తాడు. డబ్బాలో తారు కరిగించి, వాడేసిన ఇంజను ఆయిల్ కొంచెం కలిపి, పాత కుంచెతో ప్రతి సందులోకీ దట్టిస్తాడు. రోడ్ల మీద చల్లే ఉప్పు మా కొండల్లో బళ్లను లోపలినుంచి తినేస్తుంది. రాగిబ్ బండిని తినలేకపోయింది. ఊళ్లో అందరికీ తెలిసిన విషయం ఇది. మిర్జెట్‌కి కూడా తెలుసు.

షెఫికా వచ్చి ఎక్కింది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో తలుపు లాక్కుంది. ఆ ఎడమచేతి నరానికి సూదులు గుచ్చి, పట్నం ఆసుపత్రిలో యంత్రం ఆమె రక్తం కడుగుతుంది. మంగళ, గురు, శనివారాలు. అంబులెన్సు తారురోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. తారురోడ్డు వీళ్ల ఊరికి చాలా కిందే ఆగిపోయింది.

"మళ్లీ గొణుగుతున్నావు," అంది.

"గొణగలేదు."

"పెదవులు కదులుతున్నాయి. నమాజు చేసే రకం కాదు నువ్వు. అంటే తిడుతున్నావన్నమాట."

"వాడు వంగలేదక్కా."

"తెలుసురా. నిన్నటినుంచి ఆ వంగనివాడితోనే కాపురం చేస్తున్నాం ఇద్దరం."

బావి మలుపు దగ్గర పొరుగింటి ఫాదిల్ గొర్రెల్ని పక్కకి తోలుతూ చెయ్యెత్తాడు. రాగిబ్ అద్దం దించాడు.

"పగిలిన బండి ఇంకా నడుస్తోందే!" అన్నాడు ఫాదిల్, మొహమంతా నవ్వు. "ఏ తాడుతో కట్టావేంటి?"

"నీ నాలుకతో. పొడుగు సరిపోయింది."

"కోప్పడకు గానీ చెప్పేది విను. చిన్న ష్టెలా వేయించుకో. హాజిమ్ అల్లుడేగా వాడు. హాజిమ్‌కి ఒక మాట చేరితే అయిపోయే పని."

"నేను ష్టెలా చేసేది టాపెట్లకి. మనుషులకి కాదు."

మా బోస్నియాలో ఆ రెండింటికీ మాట ఒకటే. ఇంజను వాల్వులకు సందు సరిచేయడమూ ష్టెలానే, పైవాడిని పట్టుకుని పని జరిపించుకోవడమూ ష్టెలానే. మర తిప్పితే చాలు, కదలనిది కదులుతుంది. ఉద్యోగం, ఆసుపత్రిలో మంచం, పెన్షను, అన్నిటికీ ఎక్కడో ఒక మర ఉంటుంది. రాగిబ్ ఆ మాటను ఇంజను దగ్గర తప్ప వాడడు. అది అతని గర్వం. వాడనవసరం లేకుండా బతికానని చెప్పుకోవడం అతనికి ఇష్టం.

దిగువన రోడ్డు గుంతల్లో పడి లేస్తోంది. దుంగల లారీలు తవ్విన గుంతలు. దుంగల వ్యాపారి హాజిమ్ లారీలు పక్క కాలవలన్నీ తొక్కి పూడ్చేస్తే, వేసవి వానకి నీళ్లు రోడ్డు మీద పారి దాన్ని కోసుకుపోయాయి. అప్పుడే రాగిబ్ ముసలాడిని తెచ్చి రోడ్డుకు అడ్డంగా నిలిపి, బానెట్ ఎత్తి టాపెట్లు సరిచేస్తూ కూర్చున్నాడు. "బండి చెడింది, ఏం చెయ్యమంటారు," అన్నాడు లారీలవాళ్లతో. ఇంజనుకి ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి ఊరంతా వచ్చి అతని వెనక నిలబడింది. హాజిమ్ కారు దిగి వచ్చి చాలాసేపు చూసి, "బాగుచేసుకో రాగిబ్, తీరిగ్గా బాగుచేసుకో," అని వెళ్లిపోయాడు. ఇన్నాళ్లకి ఆ మాట వచ్చి బానెట్ మీద పెన్నుతో తట్టింది.

"ఎక్కడ పగిలింది?" అని అడిగాడు రాగిబ్ సోమవారం.

"కింద," అన్నాడు మిర్జెట్.

"కింద ఎక్కడ బాబూ?"

"కిందంటే కింద. చాసీ నెత్తిమీద ఉంటుందా?"

అక్కడ కూర్చున్న ఇద్దరు నవ్వారు. వాళ్లకంటే ముందు మిర్జెట్ నవ్వాడు. ఆ ముందు నవ్వడమే రాగిబ్‌ని ఎక్కువ కోసింది. వాడి వెనకాలే గొయ్యి మీద హాజిమ్ పాత లారీ ఒకటి నిలబడి ఉంది. చక్రం గిన్నె మీదినుంచి బ్రేకు ఆయిల్ ధారగా కారుతోంది. దాని కాగితం మీద అప్పటికే బాగుందన్న ముద్ర పడింది.

రాతిగని మలుపులో స్టీరింగు చేతిలో కొంచెం తడబడింది. తిప్పిన క్షణానికీ బండి తిరిగిన క్షణానికీ మధ్య చిన్న ఖాళీ. వేసవినుంచీ ఉంది అది. స్టీరింగు పెట్టె మీద మర ఒకటి ఉంటుంది, అది కాస్త బిగిస్తే ఆ ఖాళీ పోతుంది. ఇప్పటికే చాలాసార్లు బిగించాడు. రేపు మళ్లీ బిగించాలి అనుకున్నాడు. అనుకుంటూనే వాడు ఎందుకు వంగలేదో ఆలోచించడం మొదలుపెట్టాడు.

"రిజిస్ట్రేషను శుక్రవారం దాకేగా?" అంది షెఫికా.

"ఊఁ."

"ఆ తరవాత?"

సమాధానం ఇద్దరికీ తెలుసు. తనిఖీ కాగితం లేనిదే రిజిస్ట్రేషను సాగదు, అది సాగని బండిని వంతెన దగ్గర పోలీసులు వదలరు. అప్పుడు షెఫికా పట్నంలో చెల్లెలి కూతురి ఫ్లాటుకి పోవాలి. మెట్ల పక్క గది. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. ఒక చలికాలం అక్కడ ఉండి వచ్చి, ఆ ఇంట్లోకంటే యంత్రం మీద ఉన్నప్పుడే ఊపిరాడేదిరా అంది. మళ్లీ పంపితే ఆమె వెళ్తుంది, గొడవ చెయ్యదు. గొడవ చెయ్యకుండా తగ్గిపోతుంది, అంతే.

"ఫొటోలు తీస్తాను," అన్నాడు రాగిబ్. "తారంతా గీకేసి, చాసీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఫొటోలు తీసి పైన కాంటన్ ప్రభుత్వ ఆఫీసుకి పంపిస్తాను. వాడు చూడంది వాళ్లు చూస్తారు."

షెఫికా కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు పైన ఆనించి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సూదులు గుచ్చే ఆ నరంలో రక్తం పారుతోందో లేదో వేళ్లకి సన్నని అదురుగా తెలుస్తుంది. రోజుకి ఎన్నోసార్లు అలా చూసుకుంటుంది. అదిరితే బాగున్నట్టు.

*

బుధవారం ఎండ కాసింది. రాగిబ్ ముసలాడిని జాకీతో ఎత్తి, కింద కొయ్యదిమ్మలు పెట్టి, అట్టముక్క పరుచుకుని వెల్లకిలా దూరాడు. బ్లోలాంపుతో తారు మెత్తబడేదాకా కాచి, బద్దతో గీకి, డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు. వెనకనుంచి మొదలుపెట్టాడు. తారు చర్మంలా ఊడి వస్తుంటే, లోపలినుంచి ఇనుము కొత్త నాణెంలా బయటపడింది. తుప్పు చుక్క లేదు. అది చూసి అతనికి కళ్లు చెమర్చినంత పనైంది. ఫోను తీసి ఫొటో తీశాడు. ఇంకొంచెం గీకి ఇంకొకటి తీశాడు. తీస్తున్నంతసేపూ అతని ఊహలో, కాంటన్ ఆఫీసులో ఎవరో పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని ఈ ఫొటోలు చూస్తున్నాడు. చూసి, ఎవరండీ ఈ రాగిబ్ అంటున్నాడు. మిర్జెట్ తల దించుకుని నిలబడ్డాడు. హాజిమ్ కూడా వచ్చి నిలబడ్డాడు. అందరూ వంగే ఉన్నారు.

అలా ముందువైపుకి జరిగాడు. స్టీరింగు పెట్టెను చాసీకి బోల్టులతో బిగించిన చోట తారు మిగతా అన్నిచోట్లకంటే మందంగా ఉంది. కుంచె ఆ మూలలోకి సరిగా పోదని, ఏటా రెండుసార్లు దట్టించేవాడు. కాచాడు, గీకాడు, తుడిచాడు. బోల్టు పక్కనుంచి కిందికి వెంట్రుక లాంటి గీత.

బద్ద గీరుకుంది అనుకున్నాడు. గుడ్డతో మళ్లీ తుడిచాడు. గీత పోలేదు. గోటితో గీరాడు. గోరు కొంచెం ఆగింది.

పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, జేబులోంచి సుద్దముక్క తీసి ఆ చోటంతా తెల్లగా రుద్దాడు. సుత్తి పిడితో చాసీ మీద మెల్లగా కొట్టాడు. పగులు లేకపోతే సుద్ద తెల్లగానే ఉంటుంది. ఉంటే, లోపలికి ఇంకిన డీజిల్ అదిరి బయటికి వస్తుంది. అతను చూస్తుండగా సుద్ద మీద సన్నగా, నింపాదిగా తడి గీత ఒకటి నడిచింది. బోల్టు దగ్గర మొదలై, వంకర తిరిగి, చాసీ అడుగుదాకా.

మొదట వచ్చింది భయం కాదు. ఎవరో తనని మోసం చేశారన్న కోపం వచ్చింది. ఎవరని వెతికితే అక్కడ తనూ, ఒక తారు డబ్బా తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

చెప్పుల చప్పుడు. షెఫికా పాదాలు వచ్చి బండి పక్కన ఆగాయి. రాగి గిన్నెలో కాఫీ తెచ్చినట్టుంది. చక్కెర బిళ్లను కాఫీలో ముంచి, అది నోట్లో పెట్టుకుని ఊరుకుంటుంది తను. నీళ్లు లెక్కగా తాగాల్సిన మనిషి కాఫీ తాగే పద్ధతి అది.

"కాఫీ ఇక్కడ పెడుతున్నా. రాగిబ్, ఒక మాట. తిట్టకూడదు."

"చెప్పు."

"నుస్రెతాకి ఫోను చేశాను."

నుస్రెతా హాజిమ్ పెళ్లాం. షెఫికాతో బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి. పెద్దింటికి పోయాక ఈ ఊరివైపు తిరిగి చూడని మనిషి.

"చేసి?"

"ఏడ్చింది పాపం. నిజంగా ఏడ్చిందో ఫోన్లో అలా వినిపించిందో నాకు తెలీదు. అల్లుడికి చెప్తానంది. రేపు పొద్దున నా ఆసుపత్రికి ముందే పోయి కాగితం తెచ్చేసుకోవచ్చట. అయిపోయిందిరా. బండి చూడరట కూడా."

శుభవార్త చెప్పినట్టు చెప్పింది. బండి చూడరట కూడా.

"బదులుగా ఏమంది?"

"ఏమంటుంది? మీ తమ్ముడు కాస్త రోడ్డు గొడవలు మానుకుంటే ఆయనకీ మనశ్శాంతి అంది. అంతే."

"అంతేనా?"

"అంతేరా! నేను అడుక్కున్నాను. నువ్వు కాదు. నీ ముక్కు ఎత్తునే ఉంది, పట్టి చూసుకో."

రాగిబ్‌కి ఎక్కడినుంచో ఒక మాట తోసుకొచ్చింది. అది నోట్లోకి రాకముందే, పైనున్న తడి గీత కనబడి ఆగింది.

"అక్కా, బండెక్కి స్టీరింగు తిప్పు. మెల్లగా. ఇటు, అటు."

"ఇప్పుడా? నేను చెప్పేదేంటి, నువ్వు..."

"తిప్పక్కా."

గొణుక్కుంటూ ఎక్కింది. కుడిచేత్తో తిప్పింది. ఎడమకి తిప్పితే పగులు తెరుచుకుంది. కుడికి తిప్పితే మూసుకుంది. ఎడమకి. కుడికి. చాసీ పెదవులు విప్పి ఏదో అంటున్నట్టు. కింద, కింద.

వేసవినుంచీ తను బిగించిన మర, తనకి అడ్డొచ్చిన ఆ చిన్న ఖాళీ, పెట్టెలోది కాదు. పెట్టె సరిగానే ఉంది. దాన్ని పట్టుకున్న ఇనుమే కదులుతోంది. ఖాళీ వచ్చినప్పుడల్లా మర తిప్పాడు. కదలాల్సింది కదిలింది, బండి తిరిగింది, బావుంది అనుకున్నాడు. ష్టెలా. తనూ చేసింది అదే. రాతిగని మలుపులో, పక్కన అక్కని కూర్చోబెట్టుకుని.

"దిగు," అన్నాడు. "వంగగలవా కొంచెం? నీ వేలు ఇలా ఇవ్వు."

ఆమె నేల మీద చతికిలబడి, కుడిచెయ్యి చాసీ కిందికి చాపింది. ఆ వేలిని పట్టుకుని అతను పగులు వెంట నడిపించాడు. చదవడం నేర్పేటప్పుడు అక్షరం మీద నడిపించినట్టు.

"ఇదేంటి?"

"వాడు చెప్పిందే."

ఆమెకి నవ్వు మొదలైంది. అది దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక అంది: "వంగకుండానే కనిపెట్టాడు వెధవ."

"కనిపెట్టలేదు. అబద్ధం చెప్పాడు."

"మరి ఇది?"

"ఇది నిజం. అది అబద్ధం. రెండూ ఉన్నాయి." చెప్తుంటే అతనికే అర్థమవుతోంది. పగులు ఉన్నంతమాత్రాన వాడు చూసినట్టు కాదు. వాడు చూడనంతమాత్రాన పగులు లేనట్టూ కాదు.

షెఫికా వేలిని బట్టకి తుడుచుకుని, అలవాటుగా ఎడమ మణికట్టు పైన ఆనించింది. "నేను దీన్ని రోజూ చూసుకుంటాను," అంది. "తారు పూసి ఊరుకోను." లేచి కాఫీ గిన్నె మీద సాసరు మూతపెట్టి వెళ్లింది.

అప్పుడు పని మొదలుపెట్టాడు. బ్యాటరీ తీగలు విప్పాడు. స్టీరింగు పెట్టె దించాడు. పగులు ఆగినచోటు సుద్ద మీద గుర్తుపెట్టి, సరిగ్గా దాని కొసన డ్రిల్లుతో చిన్న బెజ్జం వేశాడు. పగులుకి ముందుకి పోయే దారి ఉండకూడదు. కొస గుండ్రంగా అయితే అక్కడ ఆగిపోతుంది. అలా ఆపకుండా పైనుంచి అతికితే అతుకు పక్కనుంచి నడిచిపోతుంది. గ్రైండరుతో పగులు పొడవునా గాడి తీసి, ఇనుము ఎర్రబడి వంకరపోకుండా కొంచెం ఇక్కడా కొంచెం అక్కడా వెల్డింగు కుట్లు వేశాడు. చల్లారనిచ్చాడు. మళ్లీ వేశాడు. పైన ఇనప పలక ఒకటి, రెండు కొసలూ చేపతోకలా కోసి, అతికాడు. ఫాదిల్ గోడ మీదినుంచి తొంగిచూసి, "అయితే నిజంగానే పగిలిందన్నమాట!" అన్నాడు. "నిజంగానే," అన్నాడు రాగిబ్ వెల్డింగు ముసుగు తియ్యకుండా. ఫాదిల్ ఎగతాళికి సిద్ధంగా వచ్చాడు గానీ, గోడ దిగి గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

పొద్దు వాలేసరికి స్టీరింగు పెట్టె ఎక్కింది. తారు డబ్బా పక్కనే ఉంది. కుంచె కూడా. రాగిబ్ వాటిని తీసుకెళ్లి కొట్టంలో పెట్టాడు. అతుకు నగ్నంగా, తెల్లగా అలాగే ఉంది.

*

గురువారం స్టీరింగులో ఖాళీ లేదు. రాతిగని మలుపులో చెయ్యి తిప్పినచోటే బండి తిరిగింది. ఇద్దరూ గమనించారు.

తనిఖీ కేంద్రం అద్దాల గదిలో మిర్జెట్ ఫోను చూస్తున్నాడు. రాగిబ్‌ని చూసి లేచాడు. సోమవారం లేవలేదు.

"రా, రా బాబాయ్! కూర్చో. కాఫీ?"

సోమవారం బాబాయ్ అనలేదు.

"అక్క బండిలో ఉంది. ఆసుపత్రికి పోవాలి."

"అయ్యో, అయితే ఒక్క నిమిషం." సొరుగు లాగి, ముందే రాసి ముద్ర వేసి ఉంచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మా అత్తగారు అంతా చెప్పారు. మనలో మనకి ఏంటి చెప్పు. మామయ్యకి కూడా నువ్వంటే గౌరవమే బాబాయ్, కాకపోతే ఆ రోడ్డు దగ్గర అలా అందరి ముందూ... సరే, అయిపోయిందేదో అయిపోయింది. మంచి బండి నీది. రాయిలాంటి చాసీ."

"చూశావా?"

"ఏంటి?"

"రాయిలాంటి చాసీ అన్నావు. చూశావా?"

మిర్జెట్ నవ్వాడు. ఈసారి పక్కన ఎవరూ లేరు కనక నవ్వు కొంచెంసేపు ఉండి, ఎక్కడికి పోవాలో తెలియక పోయింది. "బాబాయ్, కాగితం తీసుకో. పెద్దమ్మకి ఆలస్యమవుతుంది."

అది నిజమే. అద్దంలోంచి షెఫికా కనబడుతోంది. ఒళ్లో చెయ్యి, చేతి మీద రెండు వేళ్లు. ఆమె అడుక్కుని తెచ్చిన కాగితం ఇది. రాగిబ్ దాన్ని తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి నడిచాడు. బండెక్కాడు.

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"చూశాడా?"

"లేదు."

సోమవారం చూడకుండా పగిలిందన్నాడు. ఇవాళ చూడకుండా రాయి అన్నాడు. సోమవారం బండి పగిలే ఉంది, ఇవాళ రాయిలానే ఉంది. రెండుసార్లూ వాడు చెప్పింది నిజమే అయింది, రెండుసార్లూ వాడు వంగలేదు. సోమవారం అవమానించాడు, ఇవాళ మర్యాద చేశాడు. తరచి చూస్తే రెండూ ఒకటే. నిన్న ఎండలో పడుకుని తను ఆపిన పగులు వీళ్లకి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఈ కాగితంతో మంచు కరిగేదాకా అక్కని తిప్పుకోవచ్చు. తిప్పుతూ కాలవలు పూడిపోవడం చూస్తూ ఊరుకోవచ్చు. చూడటం మానేస్తే చాలు. మర కొంచెం తిప్పితే చాలు.

గేరు వేశాడు. గేటువైపు తిప్పాల్సిన స్టీరింగుని అటు తిప్పలేదు.

"రోడ్డు అటు కదరా," అంది షెఫికా.

ముసలాడు మెల్లగా కేంద్రంలోకి నడిచి, రెండువైపులా చక్రాలు పెట్టుకుని గొయ్యి మీద నిలబడ్డాడు. మిర్జెట్ అద్దాల గది తలుపులోకి వచ్చాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు? అయిపోయిందిగా!"

"కాలేదు."

"మామయ్యకి ఏం చెప్పమంటావు నన్ను?"

"చూసింది చెప్పు."

"చూస్తే మళ్లీ పగిలిందని రాయాల్సొస్తే? అప్పుడు పెద్దమ్మ గతేంటి? ఆలోచించావా అసలు?"

రాగిబ్ ఆలోచించాడు. అందుకే అక్కవైపు చూడలేకపోయాడు. ముందుకి చూస్తూ కూర్చున్నాడు, చేతులు స్టీరింగు మీద. ఇంజను అదురు ఆ చేతుల్లోకి వస్తోంది. పక్కనుంచి బట్టల చప్పుడు వినిపించింది. షెఫికా ముందుకి వంగి, కుడిచెయ్యి చాపి, ఇంజను ఆపే తీగ లాగింది. ముసలాడు ఒకసారి వణికి ఊరుకున్నాడు.

"కానివ్వు," అంది. "ఆసుపత్రిలో ఆ యంత్రం ఎక్కడికీ పోదు. నాకోసం కూర్చుంటుంది."

అతను దిగాడు. జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, గొయ్యి అంచున సిమెంటు మీద పరిచాడు. గోడ మేకుకి వేలాడుతున్న తనిఖీ దీపం తీశాడు. దాని తీగ మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచాడు. కాగితం ఎగిరిపోకుండా దీపాన్ని దాని మీద పెట్టాడు.

"వంగక్కర్లేదు బాబూ," అన్నాడు మిర్జెట్‌తో. "అందుకేగా గొయ్యి తవ్వించారు. దిగితే చాలు."

మిర్జెట్ తలుపులోంచి కదల్లేదు. వెనక్కీ పోలేదు.

రాగిబ్ వంగి, దీపం మీట నొక్కాడు.